సంగటి ఆరని దూరం

బోడిగుట్టపల్లె,
పుంగనూరు మండలం,
3 సెప్టెంబరు 2025

కుప్పంలో ఉన్న నా చెల్లెలు ప్రమీలమ్మకు,

నా పేరు చెంగమ్మ. వయసు డెబ్బైనాలుగు. భర్త పేరు గోవిందప్ప, బతికే ఉన్నాడు, అరుగు మీద కూర్చుని ఈ మాటలన్నీ వింటున్నాడు. కొడుకు లోకేష్, కోడలు స్వర్ణలత, మనవరాలు కీర్తన, రెండు ఆవులు, ఒక పెయ్య. ఇదీ నా సంసారం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా పాత పోస్టు మాస్టరు గంగులయ్య రాస్తున్నాడు.

ఉత్తరమంటే ముందు క్షేమ సమాచారం రాయాలని గంగులయ్య అన్నాడు. అక్కర్లేదన్నాను. ఆ మధ్య పొలం గట్టు తగాదాలో సర్వేయరు నా వాంగ్మూలం రాసుకున్నప్పుడు పేరు, వయసు, సంసారం ముందు రాసి, చివర నా వేలిముద్ర వేయించి, ఇద్దరు సాక్షుల పేర్లు పెట్టాడు. ఆ కాగితాన్ని ఈ రోజుదాకా ఎవడూ కాదనలేకపోయాడు. నాకు అలాంటి కాగితమే కావాలి. ఫోనులో అయితే నాలుగు మాటలు పడేసరికి "సిగ్నలు లేదక్కా" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నలుతో పని లేదు.

విషయం ఇది. పోయిన శ్రావణంలో మదనపల్లెలో మన తమ్ముడు ఆదినారాయణ కొడుకు పెళ్లి. భోజనాల పంక్తిలో నువ్వు నా ఎదుటి వరసలో కూర్చున్నావు. కీర్తనకు టీచరు ఉద్యోగం వచ్చిందనీ, ఏ ఊరి బడి కావాలో తనే కోరుకోవచ్చుననీ మాట వచ్చింది. మా పక్కనున్న పాళెం బడి కోరుకుంటానని అది నవ్వుతూ చెప్పింది. నువ్వు అన్నం కలిపే చేయి ఆపి అన్న మాట నాకు ముక్క పోకుండా గుర్తుంది.

"వద్దు పాపా. మా అక్కను సూడు, పాపం! పుట్టింది ఎర్రమిట్టలో, మెట్టింది బోడిగుట్టపల్లెలో. మైలున్నర దూరంలో డెబ్బైనాలుగేండ్లు గడిచిపాయ. ఏం సూసింది, ఏం తెలుసుకునింది? నువ్వట్లా కావద్దు. కుప్పం బడి కోరుకో. నా ఇంట్లో ఉండు, ఆణ్ణించి ఇంకా పెద్ద పరీక్షలు రాయి."

పంక్తిలో ఏడుగురు ఆడవాళ్లు ప్చ్ అన్నారు. వాల్మీకిపురం సరోజమ్మ అయితే లేచి వచ్చి నా వీపు నిమిరింది. చావు ఇంట్లో నిమిరినట్టు నిమిరింది. నా ఆకులో పూర్ణం ఓళిగ అట్లాగే ఉండిపోయింది. నెయ్యి వేసిన ఓళిగ వదిలిపెట్టి నేను లేచిన రోజు నా జన్మలో అదొక్కటే.

నన్ను పాపం అనడానికి నీకు అధికారం ఎవరిచ్చారు ప్రమీలా?

ఏం చూసిందంటావా? అమ్మ మీద బెంగ పుడితే పాలు తోడుపెట్టి ఎర్రమిట్టకు పోయి, ఆమెను చూసి, తల దువ్వించుకుని, పెరుగు పేరుకునేలోగా ఇంటికి వచ్చేదాన్ని. పెళ్లయిన ఆడది ఎంతమంది అట్లా పోయి రాగలదో కుప్పంలో అడిగి చూడు. ఈ ఊళ్లో పుట్టిన బిడ్డల్లో అరవై మందికి పైగా నా కాళ్ల మీద పడుకోబెట్టుకుని మొదటి నీళ్లు నేను పోశాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు మా బస్సు డ్రైవరు. సంత రోజున నేను కనబడకపోతే హారను కొట్టి, "అవ్వకు ఒంట్లో బాగుండాదా?" అని అడిగిగానీ బండి కదిలించడు. దడి అవతల ఎవరు పోతున్నారో చెప్పుల చప్పుడుతో చెబుతాను. వాన బోడిగుట్ట వెనకనుంచి లేస్తే పడుతుంది, రామసముద్రం వైపునుంచి లేస్తే పలకరించి పోతుంది. నా ఇంటి పట్టుపురుగులు ఆఖరి మేత మేసేటప్పుడు పక్కన కూర్చుంటే, ఎండ కాస్తుండగానే ఇంట్లో వాన కురిసినట్టు ఉంటుంది. ఆ చప్పుడు నువ్వు ఊరూరూ తిరిగిన ఏ రైల్లో విన్నావు?

మన ఇంటి పద్ధతి మరిచిపోయావా? ఆడపిల్లకు సంబంధం వస్తే తాత రాగిసంగటి ముద్ద ఒకటి వేడిది గుడ్డలో చుట్టుకుని ఆ ఊరికి నడిచేవాడు. మన నాయనా అంతే. ఆ ఇంటి అరుగు మీద మూట విప్పితే ఆవిరి రావాలి. వస్తేనే పిల్లను ఇచ్చేది. నా పెళ్లికి ముందు ఈ అరుగు మీదే నాయన మూట విప్పాడు. ఆవిరి చూసి, ఊరిబిండి పచ్చడి వేయించుకుని ఇక్కడే ఆ ముద్ద తిని, "నా బిడ్డ ఈడ సల్లగుంటాది" అని లేచాడట. అట్లా కొలిచి ఇచ్చిన ఊరు ఇది. దీనికి పాపం అంటావా?

నీ మాట విన్నప్పటినుంచి కీర్తన ముఖం మారిపోయింది. నాతో పొడిగా మాట్లాడుతోంది. బడుల పేర్లు కంప్యూటరులో పెట్టడానికి అక్టోబరు ఆరో తేదీ ఆఖరు. రోజూ నీకు ఫోను చేస్తోందని స్వర్ణలత చెప్పింది. పక్కబడిలో పని చేస్తానన్న పిల్లను నువ్వు లాగుతున్నావు. పంక్తిలో అన్న మాట వెనక్కు తీసుకుని, ఆ సంగతి దానికి నువ్వే చెప్పాలి. ఆరో తేదీలోగా చెప్పాలి. ఇదే నా కోరిక.

పైదంతా నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా సరే అని వేసినది.

చెంగమ్మ వేలిముద్ర
సాక్షులు: గోవిందప్ప (భర్త), పాపయ్య (పక్కింటాయన, గడ్డపార అడగడానికి వచ్చి దొరికినాడు)
దస్తూరి: గంగులయ్య


కుప్పం,
9 సెప్టెంబరు 2025

అక్కకు నమస్కరించి ప్రమీల రాసేది.

మేము క్షేమం. నువ్వు రాయనివ్వకపోయినా నేను రాస్తాను.

నీ కాగితం చేరింది. పోస్టుమ్యాన్ సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. విప్పి చూస్తే వేలిముద్ర, సాక్షులు. నా కోడలు రేవతి బెదిరిపోయి, "అత్తా, ఇది కోర్టు నోటీసా? మీ అక్కోళ్లు ఆస్తికేమన్నా కేసు ఏసినారా?" అని అడిగింది. మీ మరిది అంతకంటే తొందరపాటు మనిషి. చొక్కా తొడుక్కుని, కాగితం పట్టుకుని పక్కవీధి వకీలు దగ్గరికి పోయాడు. ఆ వకీలు మొదటినుంచి చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి, "ఇందులో కేసేమీ లేదు స్వామీ. ఆమె అక్క, అంతే" అన్నాడట. ఇప్పుడు మా వీధిలో సగం మందికి నీ ఓళిగ సంగతి తెలుసు.

తోడబుట్టినదానికి సాక్షులను పెట్టి రాస్తారా అక్కా? గంగులయ్య పరాయివాడు. పాపయ్య గడ్డపార కోసం వచ్చినవాడు. వాళ్ల ముందర నన్ను బోనులో నిలబెట్టావు. నేను ఒక్కదాన్నే కూర్చుని, నా చేత్తో, సాక్షులు లేకుండా రాస్తున్నాను చూడు.

పాపం అన్నది నిజమే. ప్రేమ కొద్దీ అన్నాను. నేను అరక్కోణం చూశాను, హుబ్లీ చూశాను, గుంతకల్లులో పదకొండేండ్లు ఉన్నాను, మద్రాసులో సముద్రంలో కాళ్లు తడుపుకున్నాను. అవన్నీ నువ్వు కూడా చూసి ఉంటే బాగుండునని ప్రతిచోటా అనుకునేదాన్ని. అందులో తప్పేముంది? నువ్వు పన్నెండేండ్ల కిందట నా ఇంటి గృహప్రవేశానికి కూడా రాలేదు. పుంగనూరు నుంచి కుప్పం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి వస్తావు. చెల్లెలు నలభై ఏండ్లకు పైగా బాడుగ ఇండ్లలోనూ, రైల్వే క్వార్టర్లలోనూ ఉండి చివరికి సొంత గడప కట్టుకుంటే, ఆవు ఈనుతాంది రాలేను అని కబురు పెట్టావు. పాలు పొంగించే చోట నీ కోసం పీట వేసి పెట్టాను. ఆ పీట మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

కీర్తనను నేను లాగడం లేదు. ఫోను చేస్తున్నది అదే. ఏం అడుగుతోందో దాన్నే అడుగు. నీ ఇంట్లో పిల్ల నీతో చెప్పలేనిది నాతో ఎందుకు చెబుతోందో కూడా అడుగు.

బావకు నమస్కారాలు. మోకాలికి నూనె రాసుకుంటున్నాడా?

నీ చెల్లెలు
ప్రమీల


బోడిగుట్టపల్లె,
14 సెప్టెంబరు 2025

నా చెల్లెలు ప్రమీలమ్మకు,

పేరు చెంగమ్మ. వయసు అప్పటికంటే పదకొండు రోజులు ఎక్కువ. సంసారం అదే, ఒక ఆవు చూడి కట్టింది. నా మరిది వకీలు దగ్గరికి పోవడం నాకు తృప్తిగా ఉంది. నా కాగితానికి విలువ ఉందని ఆయనకైనా అర్థమైంది.

ముందు ఆవు మాట తేల్చుకుందాం. ఆ రోజు దూడ అడ్డం తిరిగింది. డాక్టరు మదనపల్లెలో ఉన్నాడు. నేను బస్సెక్కి ఉంటే తల్లీబిడ్డా రెండూ పోయేవి. మోచేతి దాకా చేయి పెట్టి నేనే దూడను సరిచేశాను. ఆ దూడ మనవరాలే ఇప్పుడు నా ఇంటి ముందర కట్టేసి ఉంది, నా నడుము దాకా కూడా రానంత పొట్టిది, బంగారం లాంటిది. నీ గడపకు నేను రాకపోతే అది పడిపోలేదు. నేను లేకపోతే ఈ ఆవులు లేవు. పీట సంగతి నాకు తెలియదు. ఇన్నేండ్లలో ఎప్పుడన్నా చెప్పావా?

ఇక ప్రేమ కొద్దీ అన్నావట. నా మీద ప్రేమ ఉంటే ఒంటరిగా ఉన్నప్పుడు అనాలి, ఏడుగురు ప్చ్ అనేటట్టు పంక్తిలో కాదు.

నువ్వు ఊళ్ల పేర్లు చెప్పావు. నేను ఒక్కటే చెబుతాను. అమ్మ మంచంలో పడిన నలభై రోజులూ నేను పొద్దున సంగటి కెలికి, ముద్ద గుడ్డలో చుట్టుకుని ఎర్రమిట్టకు పోయాను. ప్రతిరోజూ మూట విప్పితే ఆవిరి వచ్చింది. ఆవిరి చూసి ఆమె నవ్వేది. తినేది గోరంత, నవ్వేది కొండంత. ఆఖరి ముద్ద నా చేతినుంచే తిన్నది. అప్పుడు నువ్వు ఎక్కడున్నావు? గుంతకల్లులో. ఆమెను మట్టి చేసిన తర్వాత వచ్చావు. సముద్రంలో కాళ్లు తడుపుకున్నావు గదా, అమ్మ నోట్లో ఒక చుక్క నీళ్లు పోశావా?

గంగులయ్య ఇక్కడ కలం ఆపి, "ఈ మాట ఒద్దులేమ్మా" అన్నాడు. రాయమన్నాను. ఆయన రాశాడు.

నువ్వు ఇష్టపడి పోయినదానివి. నాకు బాగా గుర్తుంది. కుప్పం నుంచి వాళ్లు నన్ను చూడడానికి వచ్చి, నిన్ను చూసి ఇష్టపడి పోయారు. నువ్వు నాకంటే తెల్లగా ఉన్నావని అమ్మ చెప్పింది. పెద్దదాన్ని నేనుండగా చిన్నదానికి పెళ్లి చేశారు. ఊరంతా నన్ను ఎగాదిగా చూసింది. నేను ఏమన్నా అన్నానా? నీ చీరకు నేనే కుచ్చులు పెట్టాను. నిన్ను అంపిన రోజు ఎద్దుల బండి కంటే ముందు నువ్వు పరుగెత్తావు. బస్సు కోసం, రైలు కోసం, ఊళ్లు తిరగడం కోసం. ఒక్కసారి కూడా వెనక్కు తిరిగి చూడలేదు. అట్లా పరుగెత్తి పోయినదానివి, ఉండిపోయినదాన్ని చూసి పాపం అనడం నాకు అరగడం లేదు.

కీర్తనను అడిగాను. "నీకు సెప్తే నువ్వు అరుస్తావవ్వా" అంది. నేను అరవనని చెప్పాను. కొంచెం గట్టిగా చెప్పినట్టున్నాను. తలుపు వేసుకుంది. చిన్నప్పటినుంచి నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల. పాళెం బడికైతే నా పెరటి గుండా నడిచిపోతే చాలు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. దానికి అలాంటి బతుకు రాసిపెట్టి ఉంటే నువ్వు చెరుపుతున్నావు. ఇంకా మూడు వారాలే ఉంది.

నేను చెప్పినది చెప్పినట్టు రాశాడని నమ్మి వేసినది.

చెంగమ్మ వేలిముద్ర
సాక్షులు: గోవిందప్ప (భర్త, మధ్యలో లేచిపోబోతే కూర్చోబెట్టాను), చెంగయ్య (పాలు పోయించుకోవడానికి వచ్చినవాడు)
దస్తూరి: గంగులయ్య


కుప్పం,
20 సెప్టెంబరు 2025

అక్కా,

అమ్మ నోట్లో నేను నీళ్లు పోయలేదు. నిజం. రెండు రైళ్లు, మూడు బస్సులు మారి వచ్చాను. వచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది. దానికి నువ్వు సాక్షులను పిలవక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. నాయన చెప్పొద్దన్నాడని యాభై ఆరేండ్లు నోరు కట్టుకున్నాను. నువ్వు ఆ మాట రాసిన తర్వాత ఇక కట్టుకోను.

వాళ్లు నన్ను చూసి ఇష్టపడలేదు. నన్ను చూడనే లేదు. నిన్ను అడిగారు. నాయన సరేనన్నాడు, రైల్వే ఉద్యోగమని సంబరపడి పద్ధతి పక్కన పెట్టాడు, తాంబూలాలు పుచ్చుకున్నాడు. అప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా? గడ్డివామి ఎక్కి కూర్చున్నావు. "సంగటి ఆరిపోయే ఊరికి నేను పోను. తాత పెట్టిన పద్ధతి. పంపిస్తే ఈణ్ణించి దూకుతా" అన్నావు. అమ్మ కింద నిలబడి బతిమాలింది. పొద్దున ఎక్కినదానివి సాయంత్రందాకా దిగలేదు.

మధ్యాహ్నం నాయన పెరట్లోకి వచ్చాడు. నేను రాతి పలక కడుగుతున్నాను. తొమ్మిదో తరగతిలో ఉన్నాను గదా, కానీ లెక్కలు ఇంకా పలక మీదే చేసుకునేదాన్ని. నాయన నా పక్కన గొంతుక్కూర్చుని, "మాట ఇచ్చేసినానమ్మా. పెద్దది దిగేటట్టు లేదు. నువ్వు పోతావా?" అన్నాడు. నాయన ఎవరినీ అట్లా అడిగినవాడు కాదు. కళ్లలో నీళ్లున్నాయి. పోతానన్నాను. "అక్కకు సెప్పొద్దు. తెలిస్తే అది ఈడ కూడా సుఖంగా ఉండలేదు" అన్నాడు. నువ్వు సుఖంగా ఉండాలని, వాళ్లే మనసు మార్చుకుని నన్ను కోరారని అమ్మ నీకు తెలుపు నలుపు కథ చెప్పింది. పలక అక్కడే వదిలేశాను. నాకు పదిహేనేండ్లు.

బండి కంటే ముందు పరుగెత్తింది రైలు కోసం కాదు. వెనక్కు తిరిగితే వామి కనబడుతుందని.

ఇంకొకటి. నాయన నాతో కుప్పం దాకా వచ్చాడు. ఒడిలో గుడ్డమూట. బండిలో, బస్సులో, అంతసేపూ దాన్ని పొట్టకు అదిమి పెట్టుకున్నాడు. మా అత్తవారి అరుగు మీద విప్పాడు. సంగటి రాయిలా ఉంది. ఆవిరి లేదు. ఆయన నా వైపు చూడలేదు. చెంబులో నీళ్లడిగి, ఆ ముద్దను నీళ్లలో పిసికి, మొత్తం తిని, చేయి కడుక్కుని, సాయంత్రం బస్సుకు పోయాడు. నీ అరుగు మీద ఆయన తిన్న ముద్ద సంగతి నువ్వు ఇంటింటా చెప్పుకున్నావు. నా అరుగు మీద తిన్న ముద్ద సంగతి ఇప్పటిదాకా మీ మరిదికి కూడా తెలియదు.

నువ్వు ఏమీ చూడలేదని నేను ఎందుకంటానో ఇప్పుడు అర్థమైందా? నువ్వే నష్టపోయావని అనుకుంటూ ఊరూరూ తిరిగాను. ప్రతి క్వార్టరులో, పొయ్యి కొత్తగా అలికినప్పుడల్లా, పాపం అక్క అనుకునేదాన్ని. అది అనుకోకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. నువ్వు పెరుగు పేరుకునేలోగా వచ్చానని రాస్తే రేవతి నవ్వింది. నేను ఆ కాగితం మడిచి లోపలికి పోయాను.

కీర్తన మాట నువ్వు ఎట్లాగూ అడగలేవు కాబట్టి చెబుతాను. అది కుప్పం రావాలని అడగడం లేదు. దానికి పాళెమే కావాలి. రోజూ ఫోనులో అడిగేది ఒక్కటే. "చిన్నవ్వా, నేను ఊర్లోనే ఉండిపోతే నన్ను గూడా అందరూ పాపం అంటారా?" నేను ఇంకా జవాబు చెప్పలేదు.

ప్రమీల


బోడిగుట్టపల్లె,
25 సెప్టెంబరు 2025

ప్రమీలా,

నేను చెంగమ్మను. వయసు డెబ్బైనాలుగు. సంసారం రాయనక్కర్లేదు, అది నాకు ఎవరివల్ల దక్కిందో నువ్వు రాశావు.

గంగులయ్య నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. మొదటిసారి నేను నమ్మలేదు. అరుగు మీద కూర్చున్న ఈ మనిషిని అడిగాను, ఇది నీకు తెలుసా అని. "తెలుసు. పెండ్లికి ముందే మీ నాయన సెప్పినాడు" అన్నాడు. యాభై ఐదేండ్లు నా చేతి కూడు తిన్నవాడు! ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడగలా, నేను సెప్పలా" అన్నాడు. రెండు రోజులనుంచి ఆయనకు స్వర్ణలత వడ్డిస్తోంది. నేను వడ్డించను. సాక్షి సంతకానికి మాత్రం పిలిచాను, కూర్చున్నాడు.

నాకు అందరి మీదా కోపంగా ఉంది. నాయన మీద కోపం, పిల్లను పెరట్లో అడిగి ఒప్పించుకున్నందుకు. అమ్మ మీద కోపం, నాకు తెలుపు నలుపు కథ చెప్పి, ఆ నలభై రోజులు కూడా దాన్ని విప్పనందుకు. నీ మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. ఇంత పెద్దది దాచుకుని, నా ముందర పండుగలకూ పెండ్లిండ్లకూ నవ్వుతూ తిరిగావు. నా సుఖం నీ చేతినుంచి వచ్చిందని తెలియకుండా నేను నీకే గొప్పలు చెప్పుకున్నాను. నన్ను ఇంత వెర్రిదాన్ని చేయడానికి మీ ముగ్గురికీ మనసెట్లా ఒప్పింది?

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే వామి దిగేదాన్ని" అని చెప్పాను. గంగులయ్య రాశాడు. చదివి వినిపించమన్నాను. విన్న తర్వాత కొట్టేయమన్నాను. సాక్షులముందర అబద్ధం నిలబడదు. దిగేదాన్ని కాదు. పద్దెనిమిదేండ్ల చెంగమ్మ నాకు తెలుసు. ఆమె దిగేది కాదు. నువ్వు పోతావని తెలిసినా దిగేది కాదేమో. ఇది రాయించడానికి నాకు పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా పట్టింది.

ఇక్కడ సుఖపడినది నిజం. అది కూడా కొట్టేయను. పాలు తోడుపెట్టి పోయి వచ్చింది నిజం, పట్టుపురుగుల చప్పుడు నిజం, ఆ అరవై మంది బిడ్డలూ నిజం. నేను పాపం కాదు. కానీ అమ్మ ఆఖరి ముద్ద మాట నీకు రాయించినందుకు నా నోరు పడిపోవాలి. నేను క్షమాపణ అడిగే మనిషిని కానని నీకు తెలుసు. రాయాలా అని గంగులయ్య మూడుసార్లు అడిగాడు. రాయి అన్నాను. రాశాడు.

సోమవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఆవులు ఈనినా ఈనకపోయినా వస్తాను. ఆ పీట ఉందా? ఉంటే తీసి పెట్టు.

చెంగమ్మ వేలిముద్ర
సాక్షులు: గోవిందప్ప, లోకేష్ (కొడుకు)
దస్తూరి: గంగులయ్య


కుప్పం,
30 సెప్టెంబరు 2025

బోడిగుట్టపల్లెలో ఉన్న నా మనవరాలు కీర్తనకు,

నా పేరు చెంగమ్మ. వయసు డెబ్బైనాలుగు. బోడిగుట్టపల్లె మనిషిని, ప్రస్తుతం కుప్పంలో నా చెల్లెలి ఇంట్లో, గృహప్రవేశం నాటి పీట మీద కూర్చుని ఉన్నాను. గంగులయ్య లేడు కాబట్టి నీ చిన్నవ్వ రాస్తోంది. దస్తూరి గంగులయ్యదానికంటే బాగుందట, ఆమే చెప్పుకుంటోంది. తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయిన చేయి ఇది. కలం పట్టుకున్నప్పుడల్లా గుర్తుంచుకో.

రేవతి కొడుకు భానుప్రకాశ్ దీన్ని ఫోటో తీసి ఈ రోజే నీ ఫోనుకు పంపుతానన్నాడు. పంపనీ. అసలు కాగితం పోస్టులో వస్తుంది. ఫోటోలోని వేలిముద్ర చెల్లదు.

నిన్న ఇంట్లో ఎవరూ లేవకముందే సంగటి కెలికి, గుడ్డలో చుట్టి, దాని మీద మీ తాత కంబళి చుట్టి, ఒడిలో పెట్టుకుని బస్సెక్కాను. పలమనేరులో ఆ కండక్టరు టీ తాగడానికని అరగంట ఆపేశాడు. "అప్పా, నా ఒడిలో సంగటి ఆరిపోతాండాది, నీ టీ ఆరితే ఏం?" అన్నాను. బస్సంతా నవ్వింది. వాడు నవ్వలేదు, టీ కూడా వదల్లేదు. కుప్పంలో దిగి, ఈ అరుగు మీద అందరిముందర మూట విప్పాను. ఆవిరి రాలేదు. రాయి అయిపోయింది.

మీ చిన్నవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి, ఆ ముద్దను నీళ్లలో పిసికింది. ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. ఉప్పు తక్కువైంది. కుప్పుస్వామి మరిది తలుపు దగ్గర నిలబడి, ఈ ముసలోళ్లకు ఏమయిందని రేవతిని అడిగాడు. అప్పుడు నీ చిన్నవ్వ ఆయనకు నాయన సంగతి చెప్పింది. ఆయన వచ్చి, గిన్నెలో చేయి పెట్టి, ఒక పిడికెడు తీసుకుని తిన్నాడు.

ఇక నీ మాట. నువ్వు నాతో చెప్పలేక చిన్నవ్వను అడిగావని తెలిసింది. నేను అరుస్తానని భయపడ్డావట. నేను అరుస్తాను, నిజమే. అయినా నీ ప్రశ్నకు జవాబు మేమిద్దరం కలిసి చెబుతున్నాం.

నా చెల్లెలు ప్రమీలమ్మ మదనపల్లె పంక్తిలో అన్న పాపం అనే మాట ఈ కాగితంతో వెనక్కు తీసుకుంటోంది. ఇది నేను చెప్పి రాయించినది కాదు, ఆమే చెప్పి ఆమే రాసుకుంది. అమ్మ పోయేటప్పుడు నువ్వెక్కడున్నావని నేను రాయించిన మాట నేనూ వెనక్కు తీసుకుంటున్నాను. ఈ రెండు మాటలూ ఇకమీదట ఏ పంక్తిలోనూ ఎవరూ ఎత్తకూడదు. సరోజమ్మ నీ వీపు నిమరడానికి వస్తే చేయి తోసేయి, నా పేరు చెప్పు.

నీకు ఇష్టమైన బడి పెట్టు. పాళెం పెడితే నాకు సంబరం, అది దాచడం నా వల్ల కాదు. కుప్పం పెడితే నేను రెండు రోజులు అన్నం తినను, మూడో రోజు తింటాను, నెలకోసారి ఆరిపోయిన సంగటి తెస్తాను. ఏది పెట్టినా నోటితో చెప్పి పెట్టు. పెరట్లో ఎవరన్నా గొంతుక్కూర్చుని అడిగితే, కళ్లనీళ్లు పెట్టుకున్నా సరే, నీ బదులు ఇంకొకరు పోవడానికి గానీ ఇంకొకరి బదులు నువ్వు పోవడానికి గానీ ఒప్పుకోవద్దు. మన పెరట్లోనూ గడ్డివామి ఉంది. ఎక్కాలంటే ఎక్కు. కానీ ఎక్కేముందు కింద ఎవరున్నారో ఒకసారి చూసుకో.

శనివారం మేమిద్దరం వస్తున్నాం. ప్రమీల ఎర్రమిట్ట దాకా నడుస్తానంటోంది, కాళ్లు ఒప్పుకుంటాయో లేదో చూడాలి. మీ అమ్మను సంగటి కెలికి ఉంచమను. నేను ప్రమీల చేయి పట్టుకుని బస్సు దిగేసరికి నువ్వు గుడ్డమూటతో రోడ్డు మీద ఉండాలి. మా కళ్లముందర విప్పాలి. ఆవిరి రావాలి. మీ తాతకు కూడా ఆ రోజునుంచి నేనే వడ్డిస్తాను, చెప్పు.

పైదంతా ఇద్దరం అనుకుని, రాసి, చదువుకుని, సరే అని వేసినది.

చెంగమ్మ వేలిముద్ర
సాక్షులు: కుప్పుస్వామి, రేవతి
దస్తూరి: ప్రమీలమ్మ, ఎర్రమిట్ట పిల్ల